స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘములు : చట్టబద్ధ స్వరూప నిర్ణయము

పదుగురు కూడి ఒక పని చేయుట వేఱు; ఆ పదుగురును చట్టము దృష్టిలో ఒక్క వ్యక్తిగా పరిగణింపబడుట వేఱు. మొదటిదానికి అభిరుచియు, పరస్పర విశ్వాసమును చాలును. రెండవదానికి నియమావళి, నమోదు, పాలకవర్గము, లెక్కల పుస్తకము కావలయును. కంప్యూటరు ప్రోగ్రాములను స్వచ్ఛందముగా వ్రాసి, మూలపాఠముతో సహా లోకమునకు అర్పించిన సంఘములు గత నాలుగు దశాబ్దులలో ఈ రెండు స్థితుల నడుమ నిలిచి ఒక ప్రశ్నను మాటిమాటికి ఎదుర్కొన్నవి. సంఘమును చట్టరీత్యా నమోదు చేయింపవలయునా, వలదా అనునదే ఆ ప్రశ్న.

ఇచట 'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్' అను మాటను స్పష్టపఱుపవలసియున్నది. వెల లేకుండుట దీని లక్షణము కాదు. ఏ ప్రయోజనమునకైనను నడుపుకొనుట, మూలపాఠమును చదివి మార్చుకొనుట, ప్రతులను పంచుట, మార్చిన ప్రతులను సయితము పంచుట అను నాలుగు స్వేచ్ఛలును గలదియే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఇట్టి కృతులను నిర్మించువారిలో పెక్కుమంది వేతనము లేనివారు, పలు దేశములవారు, ఒకరి ముఖమొకరు చూడనివారు. ఉత్తరప్రత్యుత్తరములే వారి సభామందిరము. అట్టివారి ఉమ్మడి సొమ్ము ఎవరి వద్ద ఉండవలయును? వారు పెట్టుకొన్న పేరు ఎవరిది? దావా పడినచో ఎవరిపై పడును?

ఈ విషయమున రెండు అభిప్రాయములు ప్రచారములో నున్నవి. నమోదగుట సంఘము పరిపక్వమైనదనుటకు చిహ్నమనియు, నమోదు కానిది ఇంకను బాల్యమున నున్నదనియు కొందఱందురు. నమోదైన నాడే స్వచ్ఛంద స్ఫూర్తి నశించి, పని చేయువారిపై పత్రములు వ్రాయువారు పెత్తనము చేయుదురని మఱికొందఱందురు. ఈ రెండును చరిత్రకు పూర్తిగా సరిపడవని మా అభిప్రాయము. నమోదు చేయుటయా, మానుటయా అనునదానికంటె, నమోదైన సంస్థకు ఏ అధికారమును ఒప్పగింపవలయును, ఏ అధికారమును ఒప్పగింపరాదు అను నిర్ణయమే ప్రధానమని ఈ వ్యాసమున నిరూపింప యత్నింతుము.

పూర్వరంగము

రిచర్డ్ స్టాల్మన్ 1983 సెప్టెంబరులో గ్నూ అను నిర్వాహక వ్యవస్థను నిర్మింపదలచినట్లు ప్రకటించెను. 1985 అక్టోబరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మాసచుసెట్స్ రాష్ట్రమున లాభాపేక్ష లేని సంస్థగా నెలకొనెను. అనగా ఇచట పనియు, సంస్థయు ఇంచుమించు తోడుగా పుట్టినవి. గ్నూ వ్యవస్థలోని పెక్కు ప్రధాన కృతులకు రచయితలు తమ గ్రంథస్వామ్యమును పత్రపూర్వకముగా ఆ సంస్థకు బదలాయించిరి. కావున అనుమతిపత్రపు షరతులను ఎవరైన అతిక్రమించినచో సంస్థయే వాదిగా నిలువగలదు.

ఫిన్లండులో విద్యార్థిగా నున్న లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ ఇందుకు భిన్నము. ఎవరు వ్రాసిన పంక్తులపై వారికో, వారి యజమానులకో స్వామ్యముండును. తరువాతి కాలమున లినక్స్ ఫౌండేషన్ అను సంస్థ ఏర్పడి టోర్వాల్డ్స్‌కు వేతనమొసగుచున్నను, కెర్నెల్‌పై గ్రంథస్వామ్యము వేలకొలది రచయితల చేతులందే నిలిచియున్నది. ఒకరు తలచినంతమాత్రమున దాని అనుమతిపత్రమును మార్ప వీలులేదు. సంస్థ లేమియే ఇచట ఒక రక్షణయైనదని చెప్పవచ్చును.

అయితే ఆ లేమికి వెలయును చెల్లింపవలసివచ్చెను. 1994 ఆగస్టులో అమెరికాలో, ఈ పనితో సంబంధము లేని ఒక వ్యక్తి 'లినక్స్' అను పేరును తన వ్యాపారచిహ్నముగా నమోదు చేయ దరఖాస్తు పెట్టెను. మఱుసటి సంవత్సరము సెప్టెంబరులో అది ఆయన పేర నమోదైనది. 1996లో ఆ పేరుతో వ్యాపారము చేయువారిని ఆయన రాయల్టీ అడుగ నారంభించెను. టోర్వాల్డ్స్‌ను, కొన్ని కంపెనీలును కలిసి న్యాయపోరాటము సాగింపగా, 1997లో రాజీ కుదిరి చిహ్నము టోర్వాల్డ్స్ పేరికి బదలాయింపబడెను. మూలపాఠమును అనుమతిపత్రము కాపాడగలదు గాని, పేరును కాపాడలేదని ఈ ఉదంతము వలన తెలిసినది. పేరును కాపాడుటకు చట్టము గుర్తించు స్వామి యొకడు కావలయును. ఇచట ఆ స్వామి ఒక మనుష్యుడయ్యెను.

అపాచీ మార్గము

ఇల్లినాయి విశ్వవిద్యాలయమునందలి సూపర్‌కంప్యూటింగు కేంద్రమున రాబ్ మెక్కూల్ వ్రాసిన వెబ్ సర్వరు 1990ల తొలి సంవత్సరములలో బహుళ ప్రచారము పొందెను. 1994లో ఆయన ఆ కేంద్రమును వీడిన పిదప దాని అభివృద్ధి మందగించినది. దానిని వాడుచున్నవారు ఎవరి అతుకులు వారు వేసికొనుచుండిరి. 1995లో ఎనమండుగురు ఆ అతుకులను ఏకము చేయుటకై అపాచీ గ్రూపుగా ఏర్పడిరి. బ్రయాన్ బెహ్లెన్‌డార్ఫ్, రాయ్ ఫీల్డింగ్ మున్నగువారు ఇందుండిరి. ఆ సంవత్సరము డిసెంబరులో 1.0 సంఖ్య గల ప్రతి వెలువడెను. 1996 నాటికే అది లోకమున ఎక్కువగా వాడబడు వెబ్ సర్వరయ్యెను.

ఈ గ్రూపునకు కార్యాలయము లేదు, అధ్యక్షుడు లేడు. ఉత్తరముల మూలమున ఓట్లు వేసికొనెడివారు. అనుకూలమైనచో +1, ప్రతికూలమైనచో -1 అని వ్రాసెడివారు. ప్రతికూలముగ ఓటు వేయువాడు కారణము చెప్పవలయును. పని జరుగుటకు ఈ మాత్రపు వ్యవస్థ చాలినది. అయితే 1998లో ఐబీఎం కంపెనీ తన వెబ్‌స్ఫియర్ అను సరకులో అపాచీ సర్వరును చేర్చుకొన నిశ్చయించినపుడు పరిస్థితి మాఱెను. అంత పెద్ద కంపెనీ ఒప్పందము వ్రాసికొనవలయునన్న ఎదుటి పక్షమున సంతకము చేయు అధికారము గలవారు ఉండవలయును గదా! లోకములోని వెబ్ సర్వర్లలో సగమువఱకు నడుపుచున్న కృతికి అట్టి చేయి యొకటి లేదు.

1999 మార్చిలో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ డెలావేర్ రాష్ట్రమున, సభ్యులు గల లాభాపేక్షరహిత సంస్థగా నమోదైనది. ఇందుకు ఆ సంస్థ చెప్పుకొన్న కారణములు గమనింపదగినవి. కంపెనీలును, వ్యక్తులును ఇచ్చు వనరులు ప్రజాప్రయోజనమునకే వినియోగపడునను భరోసా నొసగుట మొదటిది. వ్యక్తిగతముగ దావాలు పడకుండ స్వచ్ఛంద సేవకులకు ఆశ్రయమిచ్చుట రెండవది. 'అపాచీ' అను పేరును ఇతరులు దుర్వినియోగము చేయకుండ కాపాడుట మూడవది. పనికి కావలసిన యంత్రసామగ్రిని, రాకపోకల సౌకర్యములను కూర్చుట నాలుగవది.

ఇచట మఱియొక విశేషము గలదు. ఈ సంస్థలో సభ్యత్వము వ్యక్తులకే గాని కంపెనీలకు లేదు. కంపెనీ విరాళమీయవచ్చును, తన ఉద్యోగులచేత పని చేయింపవచ్చును, కాని ఓటు మాత్రము పని చేసి మన్నన పొందిన మనుష్యునిదే. ఐబీఎం రాకయే సంస్థ పుట్టుటకు ప్రేరణలలో నొకటియైనను, సంస్థ ఐబీఎం చేతిలో పడకుండుటకు నియమావళియందే కట్టుదిట్టము చేయబడెను. ధనమునకు ద్వారము తెఱచి, అధికారమునకు ద్వారము మూయుట ఈ మార్గపు సారము.

డెబియన్ మార్గము

పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయన్ మర్డాక్ 1993 ఆగస్టు 16న డెబియన్ అను వితరణను ప్రకటించెను. తన పేరును, డెబ్రా అను స్నేహితురాలి పేరును కలిపి ఆ పేరు కూర్చెను. 1994 నవంబరు మొదలు ఒక సంవత్సరకాలము ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దీనికి పోషకత్వము వహించెను. అది ముగిసిన పిదప డెబియన్‌కు విరాళములు స్వీకరింపగల చట్టబద్ధ హస్తము లేకపోయెను. ఈ కొఱతను తీర్చుటకై 1997 జూన్ 16న న్యూయార్కు రాష్ట్రమున సాఫ్ట్‌వేర్ ఇన్ ది పబ్లిక్ ఇంటరెస్ట్ అను సంస్థ నమోదైనది. ఆ మఱుసటి నెలలోనే, బ్రూస్ పెరెన్స్ నాయకుడుగా నున్నపుడు, డెబియన్ తన సామాజిక ఒప్పందమును ఆమోదించెను. 1998 డిసెంబరులో సభ్యులు రాజ్యాంగమును ఆమోదించిరి.

ఈ కాలక్రమము అర్థవంతమైనది. డెబియన్ తాను నమోదు కాలేదు. తన ఆస్తిని ధరించుటకు వేఱొక సంస్థను పుట్టించి, తాను చట్టము దృష్టిలో రూపము లేనిదిగనే ఉండిపోయెను. అయినను తనకు లిఖితమైన రాజ్యాంగమును, ఏటేట ఎన్నికయగు నాయకుని, సాంకేతిక వివాదములను తీర్చు సమితిని ఏర్పఱచుకొనెను. ఆ రాజ్యాంగములోని తొమ్మిదవ ప్రకరణము ఆస్తి విషయమున స్పష్టముగా మాటలాడును. డెబియన్ సాంకేతిక, సాంకేతికేతర నిర్ణయములపై సంస్థకు అధికారము లేదు. సంస్థపై డెబియన్‌కును అధికారము లేదు, డెబియన్ కొఱకు ధర్మకర్తృత్వమున ఉంచిన ఆస్తి వినియోగమునందు తప్ప. అయితే సంస్థ తన చట్టపరిధిని దాటి ప్రవర్తింపవలయునని మాత్రము డెబియన్ కోరరాదు.

దీనిని ఆలయమునకును, ఆలయపు మాన్యములను చూచు ధర్మకర్తలకును గల సంబంధముతో పోల్చవచ్చును. భూములు ధర్మకర్తల పాలనలో నుండవచ్చును గాని పూజావిధిని నిర్ణయించునది వారు కారు. ఈ విభజన వలన కలిగిన లాభము సామాన్యము కాదు. సంస్థలో చిక్కు వచ్చినను పని ఆగదు. పనిలో కలహము వచ్చినను ఆస్తి చెదరదు.

అట్లని ఈ మార్గమున ఘర్షణ లేదనుకొనరాదు. 1998లో 'ఓపెన్ సోర్స్' అను పేరుపై హక్కు ఎవరిదను వివాదము ఈ సంస్థకును, ఆ సంవత్సరమే క్రొత్తగా ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్‌కును నడుమ చెలరేగెను. చివఱకు ఆ మాట మిక్కిలి వర్ణనాత్మకమగుట వలన ఎవరికిని చిహ్నముగా దక్కలేదు. ఆస్తిని ధరించు సంస్థను సృజించినపుడు, ఏది ఎవరిదని ముందే వ్రాసికొనకున్నచో మిత్రుల నడుమనే తగవు పుట్టునని దీనినుండి గ్రహింపవలయును. 2006లో డెబియన్ తన రాజ్యాంగమును సవరించి, ఒక్క సంస్థపైననే ఆధారపడక, ఆస్తిని ధరింపదగిన నమ్మకస్థ సంస్థలు పెక్కు ఉండవచ్చునని నిశ్చయించెను. ఫ్రాన్సులోను, స్విట్జర్లండులోను గల సంఘములు ఆ విధముగ చేరినవి.

నమోదు ప్రశ్న అంతటితో సమసిపోలేదు. 2020 నాయకపదవి ఎన్నికలో ఒక అభ్యర్థి, అమెరికాలోను, ఐరోపాలోను డెబియన్ పేరనే ఫౌండేషన్లను స్థాపింపవలయునను ఏకైక వాదముతో నిలిచెను. ఎన్నికైనవాడు మఱియొకడు. ఎన్నిక వ్యక్తుల యోగ్యతపైనను ఆధారపడునది గావున దీనిని నమోదుపై తీర్పుగా పూర్తిగ గ్రహింపరాదు. కాని స్థాపన జరిగిన ఇరువది యేడు సంవత్సరములకును ఈ ప్రశ్న సభ్యుల యెదుట సజీవముగ నుండెననుట నిస్సందేహము.

మర్డాక్ 1996లోనే నాయకత్వమును వీడెను; 2015 డిసెంబరులో మరణించెను. 2017లో వెలువడిన తొమ్మిదవ ప్రధాన ప్రతిని డెబియన్ ఆయన స్మృతికి అంకితము చేసెను. స్థాపకుడు తొలగినను, గతించినను పని సాగుటకు సాయపడిన వ్యవస్థలు రెండు: అధికారమును చేతులు మార్చు రాజ్యాంగము, ఆస్తిని చేతులు మాఱనీయని సంస్థ.

నమోదు ఈయలేనివి

నమోదైన వెంటనే ధనము వచ్చునను నమ్మకము కొందఱికి గలదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చరిత్ర దానిని ఖండించుచున్నది. అంతర్జాలమున రహస్యముగ జరుగు వ్యవహారములలో అధికభాగమునకు ఆధారమైన ఈ కృతి పేర ఒక నమోదిత సంస్థ అప్పటికే ఉన్నది. అయినను 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అను ఘోరదోషము బయటపడునాటికి దానికి వచ్చు విరాళములు ఏటికి సుమారు 2,000 డాలర్లు మాత్రమే. దోషము లోకమును భయపెట్టిన పిదపనే పెద్ద కంపెనీలు నిధి సమకూర్చినవి. నమోదు పాత్రను సిద్ధపఱచును గాని అందు నీరు పోయదు.

రాజ్యము సయితము ఎల్లపుడు అనుకూలముగ నుండదు. షాట్‌వెల్ అను ఛాయాచిత్ర సాఫ్ట్‌వేరును నిర్మించిన శాన్‌ఫ్రాన్సిస్కోలోని యోర్బా ఫౌండేషన్ 2009 డిసెంబరులో ధర్మసంస్థగా పన్ను మినహాయింపు కోరెను. నాలుగు సంవత్సరములకు పైగా నిరీక్షించిన పిదప 2014లో అమెరికా పన్నుల శాఖ దానిని నిరాకరించెను. ఈ సాఫ్ట్‌వేరును ఎవరైనను, ఏ ప్రయోజనమునకైనను, వ్యాపారమునకైనను వాడుకొనవచ్చును గావున ఇది ధర్మకార్యము కాదనునది శాఖ వాదములలో నొకటి. ఏ స్వేచ్ఛ ఈ సాఫ్ట్‌వేర్‌కు ప్రాణమో, ఆ స్వేచ్ఛయే చట్టము కంటికి లోపముగ తోచెను.

చట్టస్వరూపమును ఎన్నుకొనుటలో ఓర్పునకు ఉదాహరణగా ది డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను చెప్పవచ్చును. సన్ కంపెనీని ఒరాకిల్ 2010 జనవరిలో వశపఱచుకొనిన పిదప, ఓపెన్‌ఆఫీస్ భవితవ్యమును గూర్చి శంకించిన స్వచ్ఛందులు ఆ సంవత్సరము సెప్టెంబరు 28న లిబ్రెఆఫీస్‌ను ప్రకటించిరి. జర్మనీ చట్టమున ఏడుగురు కూడి సంఘమును నమోదు చేయుట సులభము. కాని సంఘపు లక్ష్యమును సభ్యులు తరువాత మార్చుకొనగలరు. 'ష్టిఫ్టుంగ్' అనబడు నిధిసంస్థ అట్లు కాదు. మూలధనము చూపవలయును, ఒకసారి వ్రాసిన లక్ష్యమును మార్చుట మిక్కిలి కష్టము. ఆ కష్టమునే వారు కోరుకొనిరి. మూలధనముగా 50,000 యూరోలు కావలయునని 2011 ఫిబ్రవరిలో ప్రకటింపగా ఎనిమిది దినములలో అది సమకూడినది. ఒక కంపెనీ చేతులు మాఱుట వలన క్లేశపడినవారు, మఱల చేతులు మాఱని రూపమునే వెదకి, 2012 ఫిబ్రవరిలో బెర్లినులో దానిని సాధించిరి. అంతవఱకు ఒక చిన్న జర్మను సంఘము వారికి తాత్కాలికముగ ఆశ్రయమిచ్చినది.

ఛత్రచ్ఛాయ

తాము నమోదు కాక, నమోదైన వేఱొక సంస్థ నీడను చేరుట మఱియొక మార్గము. 2006లో వెలసిన సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ ఈ పనికే పుట్టినది. గిట్ మున్నగు కృతుల సంఘములు అందు చేరినవి. డెబియన్ కొఱకు పుట్టిన సంస్థయు క్రమముగ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఆర్చ్ లినక్స్ మొదలగువానికి ఆశ్రయమిచ్చుచున్నది. లెక్కలు, పన్ను పత్రములు, ఒప్పందములు ఛత్రసంస్థ చూచును; నిర్మాతలు నిర్మాణమును చూచుకొందురు. పాలకవర్గమును పోషింపలేని చిన్న సంఘములకు ఇది మేలైనది.

కాని గొడుగు పట్టినవాడు అలసిపోవచ్చును. అమెరికాలో వందలకొలది బృందముల సొమ్మును ధరించిన ఓపెన్ కలెక్టివ్ ఫౌండేషన్ తాను 2024 చివఱకు మూతపడనున్నట్లు ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ప్రకటించెను. ఆశ్రితులు కొలది నెలలలో క్రొత్త ఆశ్రయమును వెదకికొనవలసివచ్చినది. చేరునపుడే విడిపోవు విధమును వ్రాసికొనవలయునను నీతి ఇందున్నది.

ఉపసంహారము

పైని చరిత్రనంతయు సమీక్షించిన పిదప మేము ఇట్లు నిర్ణయించుచున్నాము. సంఘము నాలుగు ప్రశ్నలు వేసికొనవలయును. పేరునకు వెలుపలివారి వలన ప్రమాదమున్నదా? ఒకరి స్వంత ఖాతాలో ఉంచరానంత సొమ్ము చేరినదా? సంతకము పెట్టవలసిన ఒప్పందములున్నవా? పని చేయువారి ఇల్లువాకిళ్ళపై దావా పడు అవకాశమున్నదా? ఈ నాలుగింటికిని లేదు అని సమాధానమైనచో నమోదు భారమే గాని ఉపకారము కాదు. ఒకటి రెండింటికి అవునన్నచో ఛత్రసంస్థ చాలును. అన్నింటికిని అవునన్నపుడు స్వంత సంస్థను గూర్చి యోచింపవలయును. యోచించుటకు ముందే, దాని అధికారమునకు హద్దు గీయవలయును. అపాచీ ఆ హద్దును సభ్యత్వ నియమముతో గీసినది. డెబియన్ రాజ్యాంగముతో గీసినది. లిబ్రెఆఫీస్ మార్పరాని లక్ష్యముతో గీసినది.

ఈ విచారణ తెలుగువారికి దూరపుది కాదు. లిబ్రెఆఫీస్ తెలుగు ముఖము, డెబియన్ స్థాపన వేళ కనబడు తెలుగు వాక్యములు స్వచ్ఛందుల అనువాదములే. నేడు నిఘంటువులను, అక్షరరూపములను, గ్రంథపాఠములను యంత్రమునకు ఎక్కించు పనులలో మన పరిశోధక విద్యార్థులును పాలుపంచుకొనుచున్నారు. 1860 నాటి సంఘముల నమోదు చట్టము వాఙ్మయ, విజ్ఞాన, ధర్మకార్యములకై కూడిన ఏడుగురికి నమోదు హక్కు నొసగినది; 2001లో ఆంధ్రప్రదేశ్ చేసిన ప్రత్యేక చట్టమును ఏడుగురినే కోరుచున్నది. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపకులందఱు గతించినను నిలిచియున్నది. అందలి గ్రంథములు ఎవరి ఇంటి సొత్తుగను మిగులక, పాఠకలోకపు సొత్తుగ నుండుటయే అందుకు కారణమని మా తలంపు.

ఏడుగురు దొరకుట కష్టము కాదు. ఆ ఏడుగురికి ఏమి అప్పగింపవలయునో, ఏమి అప్పగింపరాదో పని చేయువారందఱు కూర్చుండి ముందుగ వ్రాసికొనుట కష్టము. ఆ కష్టమును ముందు పడిన సంఘములు, నమోదైనను కాకున్నను, నిలిచినవి. పడనివారికి నమోదుపత్రము ఒక కాగితముగనే మిగులును.